ఎక్స్‌టెండెడ్ వారంటీ మా నల్లగొండలో ఎంతవరకు పనికొస్తుంది?

మా కాక కొడుకు మొన్న చెల్లె పెళ్లి సామాను కొంటూ నల్లగొండలో ఒక షోరూం నుంచి ఫోన్ చేశాడు. ఫ్రిజ్, వాషింగ్ మిషన్, 43 అంగుళాల టీవీ. బేరం కుదిరింది. బిల్లు కొట్టే ముందు కౌంటర్‌లో పిల్లగాడు మూడింటికీ కలిపి పద్నాలుగు వేలకు ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే కంపెనీ వారంటీ అయిపోయాక ఇంకొన్నేళ్లు రిపేర్లు చూసుకుంటామనే ప్లాన్, చెప్పాడట. "జీఎస్టీ తగ్గింది కదా, ఆ మిగిలిన పైసలతోనే తీసుకోండి అంటున్నడన్నా. ఇప్పుడే చెప్పాల్నట, రేపైతే ఇయ్యరట. పెండ్లి సామాను, ఏమన్న అయితే అత్తగారింట్ల మాట వస్తది అంటున్నడు. తీసుకోవాల్నా?"

వద్దన్నాను. సాయంత్రం చిన్నమ్మ ఫోన్ చేసి ఎందుకు వద్దన్నావని గట్టిగానే అడిగింది. బిడ్డ సామాను విషయంలో తల్లికి ఆ ఆరాటం ఉంటుంది, తప్పు లేదు. ఫోన్‌లో చెప్పగలిగినంత చెప్పాను. పెళ్లిళ్ల సీజన్ వచ్చినా, ఎండలు ముదిరినా ఎవరో ఒకరు ఇదే ప్రశ్న అడుగుతున్నారు కాబట్టి మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ జీఎస్టీ మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గినవాటిలో ఏసీలు, 32 అంగుళాలు దాటిన టీవీలు ఉన్నాయి. ఫ్రిజ్, వాషింగ్ మిషన్ అంతకుముందు నుంచే 18లో ఉన్నాయి. కౌంటర్ దగ్గర ఇంత వివరం ఎవరూ చెప్పరు. తగ్గిందన్న ఆ సొమ్మును అక్కడికక్కడే ఇంకో కాగితంలోకి మళ్లిస్తారు. ఆ కాగితం మీద కూడా 18 శాతం జీఎస్టీ ఉంటుంది.

లెక్క

ముప్పై రెండు వేల ఫ్రిజ్‌కు, కంపెనీ ఇచ్చే మొదటి ఏడాది దాటాక ఇంకో మూడేళ్లకు నాలుగు వేల ఎనిమిది వందలు అడిగారు. ఆ మూడేళ్లలో ఫ్రిజ్‌లో పోయేదేమిటి? సెన్సర్ పోవచ్చు, లోపలి ఫ్యాన్ మోటర్ పోవచ్చు, గ్యాస్ లీకవ్వచ్చు. మా దగ్గర వీటిలో దేనికైనా పదిహేను వందల నుంచి మూడు, మూడున్నర వేల దాకా అవుతుంది. అన్నిటికన్నా ఖరీదైన కంప్రెషర్‌కు చాలా కంపెనీలు పదేళ్లు వాళ్లంతట వాళ్లే ఇస్తున్నాయి. అంటే ఆ మూడేళ్లలో ఫ్రిజ్ ఒకసారి కచ్చితంగా చెడిపోతుందని ముందే రాసిపెట్టి ఉన్నా, కట్టిన డబ్బు మొత్తం తిరిగి రాదు. అసలు చెడిపోకుండా గడిచిపోయే ఇళ్లే ఎక్కువ.

వస్తువులు చెడిపోయే వయసు కూడా చూడాలి. తయారీలో లోపం ఉంటే మొదటి నెలల్లోనే బయటపడుతుంది, అది కంపెనీ వారంటీలోనే పోతుంది. అరుగుదల వల్ల వచ్చే చెడుపు ఏడెనిమిదేళ్లకు మొదలవుతుంది, అప్పటికి ప్లాన్ ముగిసి చాలా కాలమవుతుంది. మనం డబ్బు కట్టేది రెండో ఏడు నుంచి నాలుగో ఏడు దాకా. వస్తువు నిక్షేపంగా ఉండే కాలం అది.

ఈ లెక్క మన దగ్గరే కాదు, ఎక్కడైనా ఇంతే. బ్రిటన్‌లో అక్కడి పోటీ కమిషన్ 2003లో దీన్ని విచారించి, ఈ వ్యాపారంలో సరైన పోటీ లేదని తేల్చింది. 2005లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. వస్తువు ధర పక్కనే వారంటీ ధర కూడా కనపడేలా పెట్టాలి. అడిగినవాళ్లకు ధర రాసిచ్చి, అదే ధరకు 30 రోజుల దాకా ఇవ్వాలి. కొన్నాక 45 రోజుల్లోపు వద్దనుకుంటే డబ్బు వెనక్కి ఇవ్వాలి. "ఇప్పుడే చెప్పాలి, రేపైతే ఇయ్యం" అనే మాట అక్కడ చెల్లకుండా చేశారన్నమాట. మా తమ్ముడిని తొందరపెట్టింది సరిగ్గా ఆ మాటే. నిజానికి మన దగ్గర కూడా చాలా కంపెనీలు తమ సొంత ఎక్స్‌టెండెడ్ వారంటీని మొదటి ఏడాది ముగిసేలోపు ఎప్పుడైనా అమ్ముతాయి. పదకొండో నెలలో, వస్తువు నడక చూసి, నింపాదిగా కొనొచ్చు.

కౌంటర్‌లో ఉన్న పిల్లగాడి మీద నాకు కోపం లేదు. అలాంటి ఒక అబ్బాయి నాకు బాగా తెలుసు. నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వస్తాడు, డిగ్రీ చదివాడు. "టీవీ మీద మాకేం మిగలదన్నా, ఆన్‌లైన్ రేటుకే ఇయ్యాలె. దీని మీదనే ఇన్సెంటివ్. నెలకు ఇన్ని ప్లాన్లు కాకపోతే మేనేజర్ ఊకోడు" అన్నాడు. అతని మాటలోనే సంగతంతా ఉంది. మనం కట్టేదాంట్లో అతని ఇన్సెంటివ్, షోరూం వాటా, పన్ను, ప్లాన్ కంపెనీ ఖర్చులు, లాభం అన్నీ పోగా మిగిలిందే మన ఫ్రిజ్ రిపేరుకు.

మా దగ్గర వస్తువులు దేనికి పాడవుతాయి?

వారంటీ మీద వచ్చే రాతలన్నీ పై లెక్క దగ్గరే ఆగిపోతాయి. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది వేరే ఉంది. నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట ప్రాంతాల్లో ఇంటి సామాను ఎందుకు చెడిపోతుందో చూడండి. ఆ కారణాలనే ప్లాన్ కాగితంలో వెతకండి. చాలా కాగితాల్లో అవన్నీ "వర్తించనివి" అన్న శీర్షిక కింద వరసగా కనిపిస్తాయి.

మొదటిది కరెంటు. మిర్యాలగూడ రోడ్డు మీద కొత్తగా పడ్డ ఒక కాలనీలో మా దోస్తు ఉంటాడు. నిరుడు ఎండాకాలం గాలివానకు కొమ్మ విరిగిపడి న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగి పోయే తీగ) తెగింది. న్యూట్రల్ పోతే 230 వోల్టులు రావాల్సిన ఇంటికి, ఏ ఫేజ్ మీద ఎంత లోడ్ ఉందో దాన్నిబట్టి 400 దగ్గరదాకా ఎక్కొచ్చు. ఆ వీధిలో టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, రెండిళ్లలో ఫ్రిజ్ బోర్డులు నిమిషంలో కాలిపోయాయి. వాళ్లలో ప్లాన్ కొన్నవాళ్లు ఫోన్లు చేశారు. మనిషి వచ్చాడు, మూత విప్పాడు, నల్లబడ్డ బోర్డు ఫొటో తీసుకుని వెళ్లాడు. తర్వాత మెసేజ్ వచ్చింది: హై వోల్టేజ్ వల్ల జరిగిన నష్టం, ప్లాన్‌లో రాదు. కాగితం ప్రకారం వాళ్లు చెప్పింది నిజమే. మరి ఆ కాలనీలో అంతకన్నా ఎక్కువగా జరిగే అవకాశమున్న ప్రమాదం ఇంకేముంది?

కొన్ని ప్లాన్లు వోల్టేజ్ నష్టాన్ని కూడా కలుపుతాయి. అది కాగితంలో స్పష్టంగా అచ్చయి ఉంటే నా వాదన చాలావరకు తగ్గిపోతుంది, ఒప్పుకుంటాను. అందుకే ఎవరైనా అడిగితే నేను మొదట ఆ ఒక్క లైన్ చదివి చెప్పమంటాను. పిడుగు సంగతి వేరే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టిందంటే కేబుల్ వైరు పీకేసే అలవాటు ఊళ్లలో ఉన్నది ఊరికే కాదు. పిడుగును ప్రకృతి వైపరీత్యాల్లో వేసి దాదాపు అందరూ పక్కన పెడతారు.

రెండోది నీళ్లు. నల్లగొండ అంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు మనుషుల ఎముకల్ని వంచింది ఆ ఫ్లోరైడే. ఇంట్లో మిషన్లను తినేది మాత్రం అది కాదు, బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం. తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినా, బట్టలకూ స్నానాలకూ ఇంకా చాలా ఇళ్లలో బోరే దిక్కు. గీజర్ విప్పి చూస్తే రాడ్ మీద తెల్లగా వేలెడు మందం పొర కట్టి ఉంటుంది. ఆ పొర వల్ల వేడి నీళ్లకు చేరక రాడ్ మాడిపోతుంది. వాషింగ్ మిషన్‌లో నీళ్లు వచ్చే వాల్వు జాలీ పూడుకుపోతుంది. ఈ ఉప్పు పేరుకోవడాన్ని ప్లాన్ కాగితాలు వాడకందారుడి నీళ్ల దోషంగా చూస్తాయి. ఆర్వో మిషన్‌కైతే మా నీళ్లకు తరచుగా మార్చాల్సి వచ్చే ఫిల్టర్లు, మెంబ్రేన్ మామూలు వారంటీలో రానే రావు. అవి అరిగిపోయే వస్తువులట.

ఎలుకల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వడ్లు, జొన్నలు, పల్లీలు ఇంట్లో నిల్వ ఉంచుకునే చోట అడుగు తెరిచి ఉన్న వాషింగ్ మిషన్ వైర్లకు గ్యారంటీ ఎవరిస్తారు? ప్లాన్ కూడా ఇవ్వదు.

ఇంకొకటుంది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది. జడ్చర్లలో మాకు తెలిసిన అక్క టిఫిన్ సెంటర్ నడుపుతుంది. ఇంట్లోనే పిండి రుబ్బి, పొద్దున బండి మీద అమ్ముతుంది. ఫ్రిజ్, గ్రైండర్ రెండింటికీ ప్లాన్ తీసుకుంది. గ్రైండర్ మోటర్ కాలింది. వచ్చిన మనిషి ఇంటి ముందు బండి చూసి, వ్యాపారానికి వాడుతున్నారు కాబట్టి కుదరదని రాసుకుని పోయాడు. కిరాణా కొట్లో కూల్‌డ్రింకులు పెట్టుకునే ఫ్రిజ్‌కు, కుట్టు మిషన్ నడిపే ఇంట్లో ఇస్త్రీ పెట్టెకు ఇదే జరుగుతుంది. చట్టం ఇంత కఠినంగా లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, సొంత ఉపాధితో బతకడం కోసమే కొన్న వస్తువును వ్యాపార అవసరంగా లెక్కించకూడదని చెబుతుంది, అలా కొన్నవాళ్లు కూడా వినియోగదారులేనని గుర్తిస్తుంది. ప్లాన్ కాగితానికి ఆ కనికరం లేదు. అమ్మేటప్పుడు మాత్రం ఆ అక్కను దేనికి వాడతావని ఎవరూ అడగలేదు.

మెకానిక్ ఎక్కడి నుంచి రావాలి?

ప్లాన్‌లో వచ్చే చెడుపే అయిందనుకుందాం. బాగుచేసే మనిషి రావాలి కదా. నల్లగొండ టౌన్‌లో, మహబూబ్‌నగర్‌లో పెద్ద కంపెనీల సర్వీస్ మనుషులు ఉంటారు. ఊరు మారేకొద్దీ కథ మారుతుంది. దేవరకొండ అవతలి తండాకో, అచ్చంపేట దాటాక వచ్చే పల్లెకో ఫ్రిజ్ కోసం ఒక్క ఇంటికి మనిషిని పంపడం వాళ్లకు గిట్టుబాటు కాదు. ఆ దారిలో ఇంకో రెండు కంప్లయింట్లు వచ్చేదాకా ఆపుతారు. వచ్చినవాడు చూసి పార్ట్ కావాలంటాడు. పార్ట్ హైదరాబాద్ నుంచి రావాలి. మే నెలలో ఫ్రిజ్ లేకుండా అన్ని రోజులు ఎవరుంటారు? షుగర్ ఉన్న పెద్దాయన ఇన్సులిన్ ఎక్కడ పెట్టుకుంటాడు? ఓపిక పట్టలేక బజార్లో మెకానిక్‌ను పిలుస్తారు. అతను సాయంత్రానికి బాగుచేస్తాడు. బయటి మనిషి మూత విప్పాడు కాబట్టి ప్లాన్ ఆనాటితో రద్దు. చాలా ఇళ్లలో ప్లాన్ ఇలాగే ముగుస్తుంది.

పెళ్లి సామానుకు ఇంకో చిక్కు. బిల్లు పిల్ల తండ్రి పేరు మీద, ఫోన్ నంబర్ తండ్రిది, వస్తువు ఉండేది అల్లుడింట్లో. మా స్నేహితుడి బిడ్డది వనపర్తి. వాషింగ్ మిషన్ నీళ్లు వదలట్లేదని కంప్లయింట్ పెడితే మనిషి వచ్చాడు. పని మొదలుపెట్టాలంటే ఓటీపీ చెప్పాలి. ఓటీపీ నల్లగొండ దగ్గరి పొలంలో ఉన్న తండ్రి ఫోన్‌కు పోయింది, ఆ ఫోన్ ఇంట్లో చార్జింగ్‌లో ఉంది. వచ్చినవాడు కాసేపు చూసి, వినియోగదారు అందుబాటులో లేరని రాసి వెళ్లిపోయాడు. చిన్న విషయమే. కాని "అత్తగారింట్ల మాట రాకుండా" అని చెప్పి అమ్మిన కాగితం ఆ ఇంట్లో ఆ అమ్మాయిని ఏ స్థితిలో నిలబెట్టిందో ఆలోచించండి.

మా ఊళ్ల మెకానిక్‌లను నేను తక్కువగా చూడను. ఐటీఐ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు పనిచేసి, తిరిగొచ్చి చిన్న షట్టర్ తీసుకుని కూర్చున్నవాళ్లు ప్రతి మండల కేంద్రంలో ఉన్నారు. ఇన్వర్టర్ ఏసీ బోర్డును కొత్తది వేయకుండా కాలిన భాగం మార్చి నడిపిస్తారు. వాళ్లకు లేనిది కంపెనీ పార్టులు, సర్క్యూట్ వివరాలు. కేంద్రం 2022 డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. విడిభాగాలు, మాన్యువళ్లు, సర్వీస్ సెంటర్ల వివరాలు కంపెనీలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. మనం గట్టిగా అడగాల్సింది ఇక్కడ. దేవరకొండ మెకానిక్‌కు అసలు పార్టు సరైన ధరకు రెండు రోజుల్లో దొరికితే మా జిల్లాల్లో ఎక్స్‌టెండెడ్ వారంటీ అవసరం చాలా ఇళ్లకు ఉండదు.

నాకు సందేహం మిగిలిన చోట్లు

అందరికీ ఒకటే మాట చెప్పలేను. కల్వకుర్తిలో మా మేనత్త ఒక్కతే ఉంటుంది. ఒక కొడుకు హైదరాబాద్‌లో, ఇంకొకడు దేశం బయట. ఏసీ ఆగిపోతే ఏ మెకానిక్‌ను పిలవాలో, ఎంత ఇవ్వాలో, ఇంట్లోకి ఎవరిని రానివ్వాలో అన్నీ ఆమెకు టెన్షనే. ఆమెకు కంపెనీ సొంత సర్వీస్ కాంట్రాక్టు తీసుకోమని నేనే చెప్పాను. లెక్క ప్రకారం అది నష్టమే. ఒక నంబర్‌కు ఫోన్ చేస్తే పేరున్న కంపెనీ మనిషి వస్తాడన్న ధైర్యం ఆమెకు కావాలి. దానికి ఆ డబ్బు పెట్టొచ్చు. అయితే కల్వకుర్తికి ఆ కంపెనీ మనిషి నిజంగానే వస్తాడని కనుక్కున్నాకే చెప్పాను.

పెద్ద టీవీల విషయంలోనూ నా మాట అంత గట్టిగా ఉండదు. 55 అంగుళాల టీవీ ప్యానెల్ పోతే దాదాపు కొత్త టీవీ కొన్నంత అవుతుంది. మా మెకానిక్‌లు కూడా అక్కడ చేతులెత్తేస్తారు. గీతలు రావడం, సగం తెర నల్లబడటం లాంటివి ప్లాన్‌లో వస్తాయి. దెబ్బ తగిలి పగిలితే రాదు. ఇక్కడ కొనాలనుకుంటే కంపెనీ సొంత ప్లాన్ చూడండి. కాగితంలో తరుగు పట్టిక ఉందేమో వెతకండి. బయటి సంస్థల ప్లాన్లలో చాలావాటికి రిపేర్ ఖర్చు టీవీ విలువను దాటితే డబ్బో, వోచరో ఇచ్చి చేతులు దులుపుకునే షరతు ఉంటుంది. ఆ విలువను ఏటేటా తగ్గించి కడతారు. నాలుగో ఏట చేతికొచ్చేది అనుకున్నదాంట్లో ఏ మాత్రమో ఉంటుంది.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసేది మాత్రం మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ పనిచేసే మా ఊరి మనిషి ప్రశ్న. "నీ దగ్గర నాలుగు వేలు ఉంటయి, ఫ్రిజ్ చెడిపోతే చేపిస్తవ్. నేను మూడు రూపాయల వడ్డీకి తేవాలె. మరి నాకు ప్లానే నయం కదా?" అన్నాడు. ఇది కొట్టిపారేసే మాట కాదు. బీమా పుట్టిందే ఒక్కసారిగా వచ్చే దెబ్బను ఓర్చుకోలేనివాళ్ల కోసం. నేను పైన చెప్పిన లెక్క చేతిలో కొంత డబ్బు ఆడేవాళ్ల లెక్క.

చాలాసేపు ఆలోచించి కూడా ఆయనకు వద్దనే చెప్పాను. ఆయన ఉండే బస్తీలోనే వోల్టేజ్ ఎక్కువ తక్కువలవుతుంది, ఎర్తింగ్ ఉండదు, బోరు నీళ్లే వాడతారు. అంటే ప్లాన్ అవసరం ఎవరికి ఎక్కువో, "వర్తించదు" అన్న జవాబు వచ్చే అవకాశం కూడా వాళ్లకే ఎక్కువ. పైగా ప్లాన్ ధరను ఈఎంఐలో కలిపేస్తారు కాబట్టి ఎంత కడుతున్నాడో ఆయనకు కనపడనే కనపడదు. ఆయన భార్య పొదుపు సంఘంలో ఉంది. అక్కడ అప్పు బయటి వడ్డీకన్నా చాలా తక్కువకు దొరుకుతుంది. ప్లాన్‌కు పోయే నెల వాయిదాను ఆమె చేతికిస్తే మేలు. "ఇంట్ల పైసలు ఆగయి, పిల్ల ఫీజుకు పోతయి" అన్నాడు. పోనీ. పిల్ల ఫీజుకు పోతే అది ఆయన ఇంటికే ఉపయోగపడినట్టు.

అదే మనిషికి ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా లేదు. బ్యాంకు ఖాతా ఉంటే చాలు, 18 నుంచి 70 ఏళ్ల దాకా చేరొచ్చు. ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి బీమాలో 18 నుంచి 50 ఏళ్ల దాకా చేరొచ్చు, ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 2 లక్షలు వస్తాయి. భూమి ఉన్నవాళ్లకు 2018 నుంచి రైతుబీమా 5 లక్షలు ఇస్తోంది, ప్రీమియం ప్రభుత్వమే కడుతోంది. భూమి లేని హమాలీకి అదీ లేదు. వంద బస్తాలు వీపు మీద మోసే మనిషి పడిపోతే ఆ ఇల్లేం కావాలి? ఫ్రిజ్ కాగితం అమ్మడానికి ఇంతమంది ఉన్నారు, ఆ 20 రూపాయల ఫారం నింపించడానికి మాత్రం ఆయన దగ్గరికి ఎవరూ పోలేదు. ఆ మాటంటే నాకు గొంతు పట్టేస్తుంది. బ్యాంకుకు తీసుకుపోయి రెండు ఫారాలూ నింపించాను.

ఆ పద్నాలుగు వేలు ఎటు పెట్టాలి?

మా తమ్ముడికి చెప్పింది ఇది. ఫ్రిజ్‌కు, టీవీకి స్టెబిలైజర్లు కొనమన్నాను. "స్టెబిలైజర్ అక్కర్లేదు" అని కొత్త మిషన్ల మీద రాసి ఉంటుంది, నిజమే, కాని కింద ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా అన్నది కూడా రాసి ఉంటుంది. సాయంత్రం వోల్టేజ్ అంతకన్నా కిందకు పడిపోయే ఊళ్లు మావి. మీటర్ దగ్గర, వోల్టేజ్ గీత దాటితే ఇంటి సరఫరానే ఆపేసే ప్రొటెక్టర్ ఒకటి పెట్టించమన్నాను. మిర్యాలగూడ రోడ్డు కాలనీలో ఆ రోజు ఏమీ కాని ఇంట్లో ఉన్నది అదే. పిల్ల పోయే ఇంట్లో ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించమన్నాను. గోడకు మూడు రంధ్రాల ప్లగ్ ఉన్నంత మాత్రాన భూమిలోకి తీగ పోయినట్టు కాదు. ఉప్పు, బొగ్గు వేసిన గుంతను ఎండాకాలంలో తడుపుతుండాలి.

నీళ్లకైతే వాషింగ్ మిషన్‌లో బట్టలు లేకుండా నిమ్మ ఉప్పు వేసి వేడి నీళ్లతో అప్పుడప్పుడు తిప్పడం, వాల్వు జాలీ కడగడం, గీజర్‌ను ఏడాదికోసారి విప్పించి రాడ్ గీకించడం. ఇవన్నీ కలిపినా అడిగిన దాంట్లో సగం కాలేదు. మిగిలింది చెల్లె పేరు మీదే వేయమన్నాను.

ఇప్పటికే కొన్నవాళ్లకు

కొన్నారు కాబట్టి ఊరికే వదిలేయకండి. వస్తువులో లోపం ఉన్నా, ప్లాన్ ప్రకారం రావాల్సిన సేవ అందకపోయినా చట్టం మీ వైపు ఉంది. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న ఆ 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అక్రమమే. బిల్లు మీద గడువేదీ రాయకపోతే, లోపమున్న వస్తువును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం కూడా అక్రమమే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. చాలా గొడవలు అక్కడే తెగుతాయి. తెగకపోతే నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. షాపు హైదరాబాద్‌ది అయినా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. టిఫిన్ సెంటర్ అక్క లాంటివాళ్లు కూడా వెనకాడక్కర్లేదు, బతుకుదెరువు కోసమే కొన్నామని రాయాలి.

వీటన్నిటికీ కాగితం కావాలి. షోరూంలో ఇచ్చే సన్న బిల్లు థర్మల్ కాగితం, దాని అచ్చు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతుంది. ప్లాన్ మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. కొన్నరోజే ఫొటో తీసి ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఉంచండి. రంగుల బ్రోచర్ కాకుండా నిబంధనల కాగితం అడిగి తీసుకోండి. ఫోన్ నంబర్, చిరునామా వస్తువు ఉండబోయే ఇంటివి రాయించండి. మీ పిన్‌కోడ్‌కు సర్వీస్ ఉందని, వోల్టేజ్ వల్ల పోయినా ప్లాన్‌లో వస్తుందని నోటితో చెబితే, ఆ రెండు ముక్కలు బిల్లు వెనక రాసి షాపు ముద్ర వేయమనండి. వేయనంటే ప్లాన్ తీసేసి బిల్లు కొట్టమనండి.